గ్రహాంతరజీవులను గూర్చి తెలుగు వార్తా ఛానళ్ల సంపాదకులకు బహిరంగ లేఖ



మహాశయులారా,

"మేము ఏదియు నిర్ధారించి చెప్పలేదు, వాక్యము చివర ప్రశ్నార్థకము నుంచితిమి, ఇరుపక్షముల వారిని పిలిచి చర్చ జరిపితిమి, నిర్ణయము ప్రేక్షకులకే విడిచితిమి" అని, గ్రహాంతరవాసులను గూర్చిన మీ కార్యక్రమములపై ఎవరైన అభ్యంతరము తెలిపినప్పుడెల్ల మీరు చెప్పు సమాధానమును నేను అంగీకరింపజాలకున్నాను. ఈ లేఖకు కారణమదియే. 2025 జులై 1వ తేదీన చిలీ దేశమందలి ఒక దూరదర్శినికి కానవచ్చి, 3ఐ/అట్లాస్ అను పేరు పొందిన తోకచుక్కను మీరు మరచియుండరు. సౌరకుటుంబమునకు వెలుపలినుండి వచ్చినవని మనము గుర్తింపగలిగిన వస్తువులలో అది మూడవది మాత్రమే. మరియొక నక్షత్రము చెంత పుట్టిన పదార్థము మన కన్నుల యెదుటికి వచ్చుట మానవచరిత్రలో ఎంత అపురూపమైన ఘటనయో వర్ణింప నలవికాదు. అది భూమికి మిక్కిలి చేరువయైన డిసెంబరు 19న సైతము మనకు దాదాపు 27 కోట్ల కిలోమీటర్ల దూరమున, అనగా సూర్యుడున్న దూరమునకు ఇంచుమించు రెండింతల దూరమున నుండెను. వాయువును, ధూళిని వెడలగ్రక్కుచు తోకచుక్క లక్షణములను స్పష్టముగా చూపుచున్న ఆ వస్తువు, మీలో పలువురి తెరలపై గ్రహాంతరవాసుల నౌకగను, భూమిపైకి రానున్న విపత్తుగను రూపు దాల్చినది. ఆ వాక్యముల చివర ప్రశ్నార్థకముండుట నిజమే. కాని ఎర్రని పెద్దక్షరములకును, గుండెలదరు సంగీతమునకును నడుమ ఆ చిన్న గుర్తు చూచువాని మనస్సున ఏపాటి సందేహమును మిగుల్చును?

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన ఆవి లోబ్ అట్టి ఊహ చేసియుండెను గదా యని మీరనవచ్చును. చేసినమాట నిజమే. కాని అది సహజమైన వస్తువే, బహుశా తోకచుక్కయే యగుట మిక్కిలి సంభవమని ఆయనయు, ఆయన సహచరులును తమ పత్రములోనే వ్రాసికొనిరి. ఆ ఊహను మీరు గైకొని, ఆ హెచ్చరికను విడిచిపెట్టుటకు మీకు అధికారమెవరిచ్చిరి? ఒకని మాటలో సగము వినిపించుట చర్చ యగునా?

ఇంతకును మీ చర్చ ఎట్లు సాగుచున్నది? ఒక ఖగోళశాస్త్రజ్ఞుడు ఫోనులో నుండును. పురాణములందలి విమానములను ప్రమాణముగా చూపు పండితుడొకడును, ఎగిరే పళ్లెములపై పరిశోధన చేసితిననువాడొకడును స్టూడియోలో కూర్చుందురు. "గ్రహాంతరవాసులు ఉన్నారా, లేరా?" అని యాంకరు ప్రశ్నించును. శాస్త్రజ్ఞుడు నిజాయితీతో, విశ్వము అపారము గనుక ఎక్కడనో జీవముండవచ్చుననెడి సంభావ్యతను త్రోసిపుచ్చలేమనును. ఆ మాట ఆయన నోటినుండి వెలువడిన క్షణమే తెర క్రిందిభాగమున గ్రహాంతరవాసుల ఉనికిని శాస్త్రవేత్త అంగీకరించినట్లు అక్షరములు పరుగిడును. విరామానంతరము జరుగు రెండవ భాగములో ఆ అంగీకారమే వారు భూమికి వచ్చిపోయిరనుటకు సాక్ష్యమై నిలుచును. అడిగిన ప్రశ్న యొకటి, చెప్పిన ఉత్తరమొకటి, ప్రేక్షకునికి అందినది వేరొకటి.

అయ్యలారా, ఇచ్చట రెండు ప్రశ్నలు కలవు. భూమికి వెలుపల ఎక్కడనైన జీవమున్నదా అనునది మొదటిది. అట్టి జీవులు భూమికి వచ్చిరా అనునది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానము నేటికిని ఎవరికిని తెలియదు. దానిని వెదకుటకై లోకమందలి మహామేధావులు తమ జీవితములను వెచ్చించుచున్నారు. అది తెరచియున్న ప్రశ్న, గౌరవనీయమైన ప్రశ్న. రెండవదానికి అనుకూలముగా, నిష్పాక్షిక పరీక్షకు నిలిచిన సాక్ష్యము ఒక్కటియు లేదు. మొదటిదానికి కావచ్చుననియు, రెండవదానికి కాదనియు ఒకే మనుష్యుడు చెప్పినచో అందు వైరుధ్యమేమియు లేదు. గ్రహాంతరజీవమును గూర్చి కోట్లాది జనులకు ఆసక్తి కలిగించిన ఖగోళజ్ఞుడు కార్ల్ సాగన్ ఇట్టివాడే: ఇతర లోకములందు జీవమును వెదకుట తన జీవితకార్యముగా భావించెను; ఎగిరే పళ్లెములలో వారు వచ్చుచున్నారనుటను మాత్రము సాక్ష్యములేని మాటయని విడిచెను. ఆ రెండు ప్రశ్నలను మీరు కలిపివేయుట వలన రెండవదానికి అర్హతలేని గౌరవము కలుగుచున్నది. అంతకంటె బాధాకరముగా, మొదటిది నవ్వులపాలగుచున్నది.

చర్చయే వలదని నేననుట లేదు. ఈ విషయమును చర్చించుటకు ఒక మేలిబంతి మీకు లభ్యమై యున్నది. 1969 డిసెంబరులో బోస్టన్ నగరమందు అమెరికా విజ్ఞానాభివృద్ధి సంఘము వారి సమావేశములో, ఆ సాగన్, థార్న్‌టన్ పేజ్ అను మరియొక ఖగోళజ్ఞునితో కలిసి, ఎగిరే పళ్లెములపై ఒక గోష్ఠిని నిర్వహించెను. అట్టి గోష్ఠి శాస్త్రమునకే అప్రతిష్ఠయని కొందరు పెద్దలు అడ్డుపడిరి, ఆయన వెనుదీయలేదు. వాటిని తీవ్రముగా పరిశోధింపవలెనని వాదించిన ఆలెన్ హైనెక్, జేమ్స్ మెక్డొనాల్డు వంటి శాస్త్రజ్ఞులకును, అవి దృష్టిభ్రమలును సహజదృగ్విషయములు నని వాదించిన వారికిని తమ తమ ఆధారములను సాంతముగా నివేదించు అవకాశము లభించినది. తరువాత ఆ ప్రసంగములన్నియు గ్రంథముగా వెలువడినవి. అచ్చట అడిగిన ప్రశ్న "ఉన్నారా, లేరా?" అనునది కాదు, ఈ నివేదికలు దేనిని నిరూపించుచున్నవి, దేనిని నిరూపింపజాలవు అనునది. ఇట్టి చర్చను తెలుగున జరుపుటకు మీకు శక్తి లేదా? సమయము లేదా? లేక వినువారు లేరని మీరే నిశ్చయించితిరా?

మొదటి ప్రశ్నకు హైదరాబాదుతో గల సంబంధమును మీ వార్తాసంపుటములలో ఎన్నిమారులు చెప్పితిరో తెలిసికొనగోరుచున్నాను. 2005 ఏప్రిల్ 20న, ఈ నగరమందలి టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రమునుండి ఒక మహత్తరమైన బెలూను పైకెగసినది. అది 459 కిలోల పరికరములను మోసికొనిపోయెను. వానిలో ముఖ్యమైనవి 38 కిలోల ద్రవ నియాన్‌లో మునిగియున్న పదునారు ఉక్కుగొట్టములు. ముందుగా వేడిచే క్రిమిరహితము గావించి, లోపలి గాలిని పూర్తిగా తీసివేసి, మూతలు బిగించినవి. 20 కిలోమీటర్లు మొదలు 41 కిలోమీటర్ల వరకు వేర్వేరు ఎత్తులలో ఆ మూతలు తెరచుకొనగా, అతిశీతలమైన ఆ లోహపు గోడలు పలుచని గాలిని లోనికి లాగికొని గడ్డకట్టించినవి. గొట్టములు పారాచూటుతో భూమిని చేరిన పిదప, వానిలోనిదానిని హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధన సంస్థయగు సీసీఎంబీ వారును, పూనాలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రము వారును వేర్వేరుగా పరీక్షించిరి. రెండు చోట్ల వేర్వేరుగా పరీక్షించుటయే ఆ ప్రయోగమునకు ప్రాణము. ఒక ప్రయోగశాలలోని కల్మషము మరియొకచోట కనబడదు గదా. పండ్రెండు బాక్టీరియా సమూహములును, ఆరు శిలీంధ్ర సమూహములును వానిలో దొరికినవి. మూడు బాక్టీరియా జాతులు అంతకుముందు శాస్త్రమెరుగనివి. భూమిపైనున్న తమ సమీపజాతులకంటె అతినీలలోహిత కిరణములను మిన్నగా తాళుకొనగలవి. ఒకదానికి ఖగోళజ్ఞుడు ఫ్రెడ్ హాయిల్ పేరును, ఒకదానికి ఇస్రో పేరును, ఒకదానికి ఆర్యభటుని పేరును పెట్టిరి.

ఈ ప్రయోగమునకు నాయకత్వము వహించిన ఖగోళశాస్త్రజ్ఞుడు జయంత నార్లీకర్, జీవబీజములు అంతరిక్షమునుండియే భూమికి వచ్చియుండునను హాయిల్ సిద్ధాంతముపట్ల మొదటినుండియు ఆసక్తిగలవాడు. ఫలితము తన అభిమతమునకు అనుకూలముగా కనబడిన వేళ, అట్టివాడు ఏమి చేసియుండవలెనని మీ కార్యక్రమములను చూచువాడెవడైన ఊహించును? ఈ ప్రయోగమును చేపట్టిన ఇస్రో 2009లో వెలువరించిన ప్రకటన, ఈ మూడు జాతులును భూమికి వెలుపలివని ఈ ప్రయోగము నిశ్చయముగా స్థాపింపదని స్పష్టముగా చెప్పినది. ఈ ఫలితము ప్రోత్సాహకరమనియు, పని కొనసాగవలెననియు మాత్రమే చెప్పినది. పెనుగాలులును, అగ్నిపర్వతములును భూమిపైనుండియే సూక్ష్మజీవులను పైకి చేర్చియుండవచ్చును గదా. మన నగరమున, మన వారు, ఇంత సంయమనముతో, ఇంత శ్రద్ధతో చేసిన పని యిది. దీనిని గూర్చి ఒక సాయంకాలమైన చర్చ జరిపితిరా? పాఠశాలలో చదువుకొను బాలిక యొకతె తన ఊరి మీదుగా పోయిన బెలూను జీవము యొక్క మూలమును వెదకుచున్నదని తెలిసికొనినచో, ఆమె మనస్సు ఎంత వికసించియుండునో ఆలోచించితిరా?

ఆ బెలూను కేంద్రమును గూర్చియే మరియొక మాట. 2022 డిసెంబరు 7న హైదరాబాదు ఆకాశమున తెల్లని గోళాకారవస్తువొకటి కానవచ్చి జనులను విభ్రాంతులను చేసినది; ఎగిరే పళ్లెమనెడి మాట ఫోనునుండి ఫోనుకు ప్రాకినది; సాయంకాలమునకు వికారాబాదు జిల్లా పొలములలో ఒక విచిత్రమైన పెట్టె దిగినదనియు, జనులు గుమిగూడిరనియు తెలిసినది. అది ఆ కేంద్రమునుండియే ఎగిరిన బెలూను. ప్రయాణికులను ఆకాశపుటంచులవరకు గొనిపోదలచిన ఒక స్పెయిన్ దేశపు సంస్థ తన పెట్టెను మొదటిసారి పరీక్షించుకొనినది. ఈ సంగతి తెలిసికొనుటకు ఎంత కష్టపడవలెను? ఆ కేంద్రము మీ కార్యాలయములున్న నగరములోనే కలదు. బెలూనులు ఎగురవేయు కాలమున, అవి పలుచని ప్లాస్టిక్ పొరతో చేసినవనియు, 50 నుండి 85 మీటర్ల వ్యాసము గలవనియు, 30 నుండి 42 కిలోమీటర్ల ఎత్తునకు పోవుననియు, వాని పరికరములు పారాచూటులతో తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రములందలి పల్లెలలో దిగవచ్చుననియు, కానవచ్చినవారు వానిని తాకక సమీపమందలి పోలీసుస్టేషనుకో, తపాలా కార్యాలయమునకో తెలుపవలెననియు, తెలిపినవారికి తగిన బహుమానమును, అయిన ఖర్చును ఇత్తుమనియు ఆ కేంద్రము పత్రికాముఖమున బహిరంగముగా ప్రకటించుచుండును. కొన్ని పరికరములలో అధిక విద్యుద్వోల్టేజి ఉండునను హెచ్చరికయు అందు ఉండును. పొలములో పనిచేయు రైతుకు ఈ సమాచారము ప్రాణావసరమైనది. రైతుకు అందవలసిన ఈ హెచ్చరిక మీ చేతికి వచ్చియు తెరపైకి రాకపోవుటకు కారణమేమి?

బెలూనుకును, ఎగిరే పళ్లెమునకును గల చుట్టరికము క్రొత్తది కాదు. మీ కార్యక్రమములలో తరుచుగా వినవచ్చు రోస్‌వెల్ కథ అదియే. 1947 జులై 8న న్యూ మెక్సికోలోని ఆ సైనిక విమానస్థావరము తమకు ఎగిరే పళ్లెము చిక్కినదని ప్రకటించి, వెంటనే మాట మార్చి అది వాతావరణ బెలూనని చెప్పినది. రెండవ మాటయు పూర్తిగా నిజము కాదు. సోవియట్ దేశపు అణుపరీక్షల ధ్వనితరంగములను పైవాతావరణమున పట్టుకొనుటకు అమెరికా రహస్యముగా ఎగురవేసిన మోగుల్ అను పథకపు బెలూనుల వరుస అదియని 1994లో ఆ దేశపు వైమానికదళము వెల్లడించినది. ప్రభుత్వము దాచినదని వాదించువారి అనుమానము నిరాధారము కాదు. దాచిన వస్తువు మాత్రము భూలోకమునదే. ఈ భేదమును ప్రేక్షకునికి విప్పిచెప్పుట ఎంత రసవంతమైన కథనమగును! మీరు ఆ కథలో మొదటి దినమును మాత్రమే చెప్పి, మిగిలిన నలువదియేడు సంవత్సరములను ఎందుకు విడుచుచున్నారు?

అమెరికా వైమానికదళము బ్లూబుక్ అను పేరుగల పథకము క్రింద 1969 వరకు సేకరించిన 12,618 నివేదికలలో 701 గుర్తింపబడక మిగిలినవని మీరు తరుచుగా చెప్పుదురు. ఆ సంఖ్య నిజము. గుర్తింపబడలేదనగా ఆ వర్ణనలను తెలిసిన ఏ వస్తువుతోను, ఏ దృగ్విషయముతోను సరిపోల్చలేకపోయిరని మాత్రమే అర్థము. ఇంటిలో ఉంచిన ఉంగరము దొరకనంత మాత్రమున గంధర్వులు వచ్చి గొనిపోయిరని ఏ గృహిణియైన అనునా? 2023 జులై 26న అమెరికా కాంగ్రెసు ఉపసంఘము యెదుట డేవిడ్ గ్రష్ అను మాజీ గూఢచార అధికారి ప్రమాణము చేసి చెప్పిన మాటలను మీరు దినముల తరబడి వినిపించితిరి. దొరికినవని తాను చెప్పిన మానవేతర జీవుల శరీరములను తాను స్వయముగా చూడలేదనియు, ఇతర అధికారులు చెప్పగా వింటిననియు ఆయన చెప్పిన సంగతిని అంతే బిగ్గరగా వినిపించితిరా? అదే సంవత్సరము సెప్టెంబరులో, ఖగోళజ్ఞుడు డేవిడ్ స్పెర్గెల్ అధ్యక్షతన నాసా నియమించిన సంఘము, ఈ వింతదృశ్యములకు గ్రహాంతరమూలము కలదనుటకు ఆధారము కానరాదని తేల్చినది. అంతటితో ఆగక, ఇట్టివానిని చూచిన విమానచోదకులను ఎగతాళి చేయరాదనియు, మేలైన పరికరములతో సమాచారము సేకరింపవలెననియు సిఫారసు చేసినది. అవిశ్వాసమును, ఆసక్తిని ఒకేచోట నిలుపుకొనుట సాధ్యమని ఆ నివేదిక నేర్పుచున్నది.

పురాణవిమానముల మాటకు నేనెక్కువ స్థలమీయను. వైమానిక శాస్త్రమనెడి గ్రంథమును బెంగళూరు భారతీయ విజ్ఞానసంస్థలోని విమానశాస్త్రాచార్యులు 1974లోనే శ్రద్ధగా పరిశీలించి, అది 20వ శతాబ్దికి ముందుదని చెప్పుటకు ఆధారము లేదనియు, అందు వర్ణించిన విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. మన వాఙ్మయమందలి కల్పనావైభవమును కల్పనగా గౌరవించుట చాలదా?

ఇక దూరము. ఈ ఒక్క సంగతి వివరించినను మీ కార్యక్రమము సార్థకమగును. 1977లో భూమిని విడిచిన వోయేజర్ నౌకలు రెండును తమతో బంగారుపూత పూసిన రాగి పళ్లెమును ఒక్కొక్కదానిని గొనిపోయినవి. దానిపై ఏబదియైదు భాషలలో మానవుల పలకరింపులున్నవి. వానిలో తెలుగు కూడ కలదు. ఎన్నడో, ఎవరికో, మన భాషలో చెప్పిన శుభాకాంక్ష నక్షత్రముల నడుమ ప్రయాణము చేయుచున్నదని తలచిన ప్రతిసారి నా హృదయము ఉప్పొంగును. వోయేజర్-1 నేడు 2,400 కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరమున, సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగముతో సాగుచున్నది. మనకు సూర్యుని తరువాత అతిసమీపమైన ప్రాక్సిమా నక్షత్రము 4.24 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. ఆ దిక్కునకే సాగినదనుకొన్నను, ఆ వేగమున అచ్చటికి చేరుటకు దాదాపు 75 వేల సంవత్సరములు పట్టును. ఇట్టి ప్రయాణము ఏ నాగరికతకైనను ఎన్నటికిని అసాధ్యమని నేననను, అనుటకు నేనెవడను? ఇంతటి అసామాన్యమైన ప్రయాణము జరిగినదని చెప్పువాడు ఒక మసకఫోటోను, ఒక వినికిడి మాటను మించిన సాక్ష్యము చూపవలెనని మాత్రము అనుచున్నాను. తెలుగువాడు నక్షత్రములకు పలకరింపు పంపిన సంగతి మీ ప్రేక్షకులలో ఎందరికి తెలియును? తెలియకపోవుట వారి లోపమా?

ఈ చర్చలో శాస్త్రజ్ఞులు తమకు తాము విధించుకొన్న నియమములను చూడుడు. 2021లో నాసా శాస్త్రజ్ఞులు, జీవమును కనుగొంటిమను ప్రకటనకు ముందు ఎక్కవలసిన ఏడు మెట్లను ప్రతిపాదించిరి. జీవసూచకమగు సంకేతమొకటి కనబడుట మొదటి మెట్టు మాత్రమే. అది కల్మషము వలన కలిగినది కాదనుట రెండవది. జీవము లేకుండ అట్టి సంకేతము పుట్టదని తేల్చుట నాలుగవది. ఇట్లు సాగి, స్వతంత్రులైన ఇతరులు వేరు విధమున ధ్రువీకరించిన పిమ్మటగాని చివరి మెట్లు రావు. అంగారకునిపై జెజెరో బిలములో పర్సివరెన్స్ అను వాహనము 2024లో పరీక్షించిన చుక్కల శిలను శాస్త్రజ్ఞులు ఏడాదికి పైగా పరిశీలించి, 2025 సెప్టెంబరులో "జీవసూచకము కావచ్చును" అనెడి మాటవద్దనే ఆగిరి. శ్రీహరికోటనుండి 2013 నవంబరు 5న బయలుదేరిన మన మంగళయానము కూడ జీవమునకు సూచకము కాగల మీథేన్ వాయువును వెదకు పరికరమును గొనిపోయినది. తెలుగునాటి తీరమునుండి మనము స్వయముగా ఈ ప్రశ్నకై అడుగు వేసితిమి.

భారతదేశమున జన్మించి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన నిక్కు మధుసూదన్ మీకు తెలిసినవాడే. 124 కాంతిసంవత్సరముల దూరమున నున్న కె2-18బి అను గ్రహముయొక్క వాతావరణములో, భూమిపై ముఖ్యముగా సముద్రజీవులు పుట్టించు ఒక వాయువు జాడ కనబడినట్లు ఆయన బృందము 2025 ఏప్రిల్‌లో ప్రకటించినది. అది యాదృచ్ఛికమగుటకు వెయ్యింట మూడు పాళ్ల అవకాశమున్నదనియు, శాస్త్రములో ఆవిష్కరణమని చెప్పవలెనన్న ఆ అవకాశము పది లక్షలలో ఒక పాలుకంటె తక్కువ కావలెననియు, అందుకై జేమ్స్ వెబ్ దూరదర్శినితో మరి 16 నుండి 24 గంటల పరిశీలన చాలవచ్చుననియు ఆ బృందమే చెప్పినది. తరువాత వేరు బృందములు అదే సమాచారమును మరల పరిశీలించి, ఆ జాడ నిలుచునంత బలమైనది కాదని వాదించినవి. వాదము నడుచుచున్నది; నడువవలసిన తీరున నడుచుచున్నది. మీరైతే మొదటి దినముననే, భారతీయుడు గ్రహాంతరజీవమును కనుగొనెనని చాటితిరి. ఆయన చెప్పని మాటను ఆయన నోట నుంచుట ఆయనను గౌరవించుటయా?

ఇదంతయు కాలక్షేపమే గదా, ఎవరికేమి నష్టమని మీలో కొందరు తలచుచున్నారు. 2008 సెప్టెంబరును స్మరింపుడు. జెనీవాలో కణములను ఢీకొట్టించు మహాయంత్రము పనిచేయనారంభించిన దినములలో, లోకము అంతమైపోవునని మన దేశపు ఛానళ్లు ఎడతెగక ప్రసారము చేసినవి. మధ్యప్రదేశములో ఒక బాలిక భయముచే ప్రాణము తీసికొనినది. ఆ ప్రసారములే ఆమెను కలవరపరచినవని ఆమె తండ్రి వాపోయెను. ఆ ప్రసారములలోను ప్రశ్నార్థకములు ఉండియే యుండును. మీ మాట పల్లెలో ఒంటరిగా తెర చూచు పసిమనస్సునకు ఎట్లు చేరునో మీకు తెలియదు; తెలియనివానికి జాగరూకత రెట్టింపు కావలెను. కేబుల్ టెలివిజన్ నియమములందలి కార్యక్రమ నియమావళి మూఢనమ్మకములను ప్రోత్సహించు ప్రసారములను నిషేధించుచున్నది. శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుట పౌరుని విధియని రాజ్యాంగము 51ఏ అధికరణమున చెప్పుచున్నది. లక్షల ఇండ్లలోనికి అనుమతి పొందిన మీరు ఆ విధినుండి మినహాయింపబడితిరా?

ప్రేక్షకులు ఇట్టివే కోరుచున్నారని మీరందురు. నేనా మాట నమ్మను. తెలుగునాట జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు గ్రహణవేళల బడిపిల్లలను ఆరుబయటకు పిలిచి, సూర్యుని సురక్షితముగా చూపి, గ్రహణములు పట్టుటకు కారణము చెప్పుచుండగా వరుసలు కట్టి నిలిచిన జనులను నేను చూచితిని. వారిలో ముసలివారును, పిల్లలను ఎత్తుకొన్న తల్లులును ఉండిరి. ఆకాశమును గూర్చి నిజము తెలిసికొనగోరు ఆకలి తెలుగువారిలో లేదనుట వారిని అవమానించుట. మీ టీఆర్పీ పట్టికలలో ఆ ఆకలి కనబడదనినచో, మీరు వారికి ఎన్నడును వడ్డింపనిదానిని వారు నిరాకరించిరని ఎట్లు లెక్కించితిరి?

నేను కోరునది స్వల్పము. గ్రహాంతరజీవమును గూర్చి చర్చ జరుపునప్పుడు రెండు ప్రశ్నలను వేర్వేరు దినములలో, వేర్వేరు అతిథులతో చర్చింపుడు. మొదటిదానికి జీవశాస్త్రజ్ఞులను, ఖగోళజ్ఞులను పిలువుడు, వారి వాక్యమును పూర్తిగా వినుడు. రెండవదానికి సాక్ష్యమును తెచ్చినవానిని పిలిచి ఆ సాక్ష్యమునే ప్రశ్నింపుడు. బెలూను కేంద్రపు ప్రకటన వచ్చిన సాయంకాలము దానిని జిల్లాల పేర్లతో సహా చదివి వినిపింపుడు. ఒక్కొక్క ఛానలు ఒక్క విజ్ఞానశాస్త్ర విలేఖరినైన నియమించుకొనుడు. క్రీడలకును, చలనచిత్రములకును ఉన్న విలేఖరులు విజ్ఞానమునకు లేకపోవుట తొమ్మిది కోట్లకు చేరువైన తెలుగుజాతికి తగదు.

కె2-18బి పరిశీలనలు ముందు ముందు మరల జరుగును. ఆ జాడ బలపడవచ్చును, పూర్తిగా మాసిపోవచ్చును. అట్లే జెజెరో శిల ఎన్నడైన భూమికి చేరి పరీక్షింపబడినచో, అందలి చుక్కలు జీవముచే ఏర్పడినవి కావని తేలవచ్చును. నేడు ఏ గంటలో, ఎంత పెద్ద అక్షరములతో, ఎందరు అతిథులతో "జీవము దొరికినది" అని చెప్పితిరో, అదే గంటలో, అంతే పెద్ద అక్షరములతో, అంతమంది అతిథులతోనే "దొరకలేదు" అని చెప్పుటకు మీరు నేడే మాట ఇత్తురా?

ఇట్లు,
మీ ప్రసారములను చూచు ఒక తెలుగు పౌరుడు